కాలి బైపాస్ తర్వాత సిర గ్రాఫ్టులో కొవ్వు పేరుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత సిరతో కాలికి బైపాస్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లు, వాళ్లను చూసుకునే ఇంట్లోవాళ్లు అవే సందేహాలు పదే పదే అడుగుతున్నారు. డిశ్చార్జి కాగితంలో వాటికి జవాబులు ఉండవు. ఓపీలో డాక్టరుగారికి అంత తీరికా ఉండదు. అందుకే అన్నీ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మందు మార్చడం, ఆపడం మాత్రం మీ కేసు చూసిన సర్జన్‌ను అడిగే చేయాలి.

## ఆపరేషన్‌కు ముందు

బైపాస్ గుండెకే అనుకున్నాం. కాలికి కూడా చేస్తారా? ఏం చేస్తారు?

చేస్తారు. తొడలోనో మోకాలి కిందో ధమని మూసుకుపోయి పాదానికి రక్తం అందనప్పుడు ఆ అడ్డును దాటించి కొత్త దారి వేస్తారు. ఆ దారినే గ్రాఫ్టు అంటారు. ఒక కొసను గజ్జ దగ్గరి ధమనికి కుడతారు. రెండో కొసను మోకాలి వెనకో, పిక్కలోనో, చీలమండ దగ్గరో ఇంకా తెరుచుకుని ఉన్న ధమనికి కుడతారు. దారికి వాడేది ఎక్కువగా మీ సొంత సిరే. చీలమండ లోపలి వైపు నుంచి గజ్జ దాకా చర్మం కిందుగా పోయే పొడవాటి సిర అది. తొడ ధమనికి ఇలా పొడవాటి సిరతో బైపాస్ చేసే పద్ధతిని 1948లో పారిస్‌లో కున్లిన్ అనే సర్జన్ మొదలుపెట్టారు. సిరలోని కవాటాలు గుండె వైపే తెరుచుకుంటాయి, ఇప్పుడు రక్తమేమో పాదం వైపు పోవాలి. అందుకని సిరను తీసి తలకిందులు చేసి కుడతారు. లేదా ఉన్నచోటే ఉంచి, సన్నటి పరికరం లోపలికి పంపి కవాటాలను కోసేస్తారు.

స్టెంట్ వేస్తే పోయేదానికి కాలంతా కోయడం దేనికండీ?

అందరికీ ఒకటే జవాబు లేదు. 2022లో వెలువడిన బెస్ట్-సీఎల్ఐ అనే పెద్ద అధ్యయనంలో, మంచి పొడవాటి సిర ఉన్నవాళ్లకు ధమనిని లోపలి నుంచి వెడల్పు చేసే బెలూన్, స్టెంట్లకన్నా బైపాస్ మేలని తేలింది. మరుసటి ఏడాది వచ్చిన బాసిల్-2 అధ్యయనం మోకాలి కింద బైపాస్ అవసరమైనవాళ్లను చూసింది. అందులో ముందు బెలూన్‌తో మొదలుపెట్టినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. కాబట్టి అడ్డు ఎంత పొడవుంది, ఎక్కడుంది, సిర ఎలా ఉంది, మత్తును గుండె తట్టుకుంటుందా అన్నవి చూసి నిర్ణయిస్తారు. సర్జన్‌ను ఒక్క మాట అడగండి: "నా సిర డాప్లర్‌లో ఎన్ని మిల్లీమీటర్లు ఉంది?" డాప్లర్ అంటే రక్తనాళాలను, వాటిలో రక్తం వేగాన్ని చూపే స్కాన్. సిర 3 మిల్లీమీటర్లు, అంతకు పైన ఉండి, గోడ మెత్తగా ఉంటే వాడుకోవచ్చు. అంతకంటే సన్నగా ఉంటే గ్రాఫ్టు ఎక్కువ కాలం నిలవడం కష్టం.

నరం తీసేస్తే కాలు బలహీనపడదా? ప్లాస్టిక్ గొట్టం వేయొచ్చుగా?

కాలి రక్తంలో ఎక్కువ భాగం లోపలి సిరల గుండానే గుండెకు తిరిగొస్తుంది. పైసిర పోతే బలమేమీ తగ్గదు. పిక్క లోపలి వైపు కొన్నాళ్లు తిమ్మిరిగా ఉండవచ్చు, కొందరికి అలాగే ఉండిపోతుంది. గొట్టాలూ వేస్తారు. కానీ మోకాలి కిందికి వెళ్లాల్సి వస్తే అవి సొంత సిర నిలిచినంత కాలం నిలవవు, చీము పడితే వదిలించుకోవడమూ కష్టం. అందుకే షుగర్ ఉన్నవాళ్లు, చుట్ట కాల్చేవాళ్లు పైసిరలను ముందునుంచీ కాపాడుకోవాలి. చీలమండ దగ్గర సెలైన్ ఎక్కించనివ్వకండి.

## మొదటి నెల

ఆపరేషన్ చేసిన కాలు వాచింది. మూసుకుపోయిందా?

చాలామందికి వాస్తుంది. ఇన్నాళ్లూ రక్తం అందని కాలికి ఒక్కసారిగా అందడం, కోతలో సన్నటి లింఫు నాళాలు తెగడం దీనికి కారణాలు. రెండు మూడు నెలల్లో తగ్గుతుంది. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోండి. బిగుతు సాక్సులు సర్జన్ చెప్పకుండా వేసుకోవద్దు, గ్రాఫ్టు మీద ఒత్తిడి పడుతుంది. పిక్క గట్టిపడి నొప్పి, జ్వరం, కోత నుంచి చీము ఉంటే అది మామూలు వాపు కాదు, అదే రోజు చూపించండి.

గ్రాఫ్టు పనిచేస్తోందో లేదో ఇంట్లో ఎలా చూసుకోవాలి?

డిశ్చార్జి రోజునే నర్సుగారి చేత నాడి ఎక్కడ అందుతుందో పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. రెండు చోట్ల చూస్తారు. ఒకటి పాదం పైన, బొటనవేలు ఎముకకూ పక్క వేలు ఎముకకూ మధ్య నుంచి చీలమండ వైపు జరిగితే దొరుకుతుంది. రెండోది లోపలి చీలమండ ఎముక వెనక పల్లంలో. రెండు వేళ్లు తేలిగ్గా ఆనించాలి. గట్టిగా నొక్కితే మీ వేలి నాడే మీకు తెలుస్తుంది. సిరను ఉన్నచోటే ఉంచి చేసిన బైపాస్ అయితే తొడ లోపలి వైపు చర్మం కిందే కొట్టుకోవడం తెలుస్తుంది. రోజూ ఒకే వేళకు చూసి క్యాలెండరులో టిక్కు పెట్టండి. నిన్నటిదాకా అందిన నాడి ఇవాళ అందకపోతే ఆగకండి, వెంటనే ఫోను చేయండి.

నెల తిరక్కుండానే మూసుకుపోయిందంటున్నారు. కొవ్వు అప్పుడే చేరిందా?

కాదు. మొదటి 30 రోజుల్లో మూసుకుపోతే కారణం దాదాపు ఎప్పుడూ కొవ్వు కాదు. ఎక్కడో కవాటం తెగకుండా మిగిలిపోవడం, సిర మెలిపడటం, కుట్టు దగ్గర ఇరుకు, కింద పాదంలో రక్తం పోవడానికి దారి లేకపోవడం, సిర మొదటే పాడై ఉండటం లాంటివే కారణాలు. ఇవి తొందరగా దొరికితే సరిచేయవచ్చు.

## నెల నుంచి రెండేళ్ల దాకా

పుండు మానింది, బాగా నడుస్తున్నాను. ఇంకా డాప్లర్ దేనికి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతామంటే ఇది చదవండి. గ్రాఫ్టు సన్నబడుతున్నప్పుడు నొప్పి ఉండదు. సగానికి పైగా ఇరుకైనా పాదం వెచ్చగానే ఉంటుంది, నడక మామూలుగానే ఉంటుంది. ఏ రోజైతే రక్తం వేగం మరీ పడిపోతుందో ఆ రోజు గడ్డ కట్టి, మొత్తం గ్రాఫ్టు ఒకేసారి మూసుకుపోతుంది. ఇరుకైన గ్రాఫ్టును చిన్న పనితో సరిచేస్తే అది ఇంకా ఏళ్లపాటు పనిచేస్తుంది. పూర్తిగా మూసుకుపోయాక తెరిచింది మాత్రం ఎక్కువ కాలం నిలవదు. ఈ రెండింటికీ అంత తేడా ఉంది.

2005లో ఒక అధ్యయనం 18 నెలలు చూసి, డాప్లర్ చేయించినవాళ్లకూ నాడి మాత్రమే చూసినవాళ్లకూ కాలు తీసేయడంలో తేడా లేదని చెప్పింది. నిజమే. కానీ ఆ రోగులను ఆసుపత్రిలో క్రమం తప్పకుండా పరీక్షించేవారు. లంక ఊళ్ల నుంచి వచ్చే మనవాళ్లకు, షుగర్ వల్ల పాదంలో స్పర్శ పోయినవాళ్లకు ఆ భరోసా లేదు. డాప్లర్‌లో సూది లేదు, రేడియేషన్ లేదు. మొదటి నెల లోపల, ఆపైన 3, 6, 12 నెలలకు, తర్వాత ఏడాదికోసారి చేయించుకోండి. సార్వా ఊడ్పులకో, సంక్రాంతికో వాయిదా వేయకండి. వరద రోజుల్లో పంటు, పడవలు ఆగిపోయే ఊళ్లవాళ్లు జులై రాకముందే ఆ విడత పరీక్ష ముగించుకుని, రెండు నెలల మందులు తెచ్చిపెట్టుకోవడం మంచిది.

ఆరు నెలలకే సన్నబడింది అన్నారు. అప్పుడే కొవ్వు పట్టేసిందా?

నెల నుంచి రెండేళ్ల దాకా వచ్చే ఇరుకుకు కారణం ఎక్కువగా కొవ్వు కాదు, సిర గోడ లోపలి పొర మందమెక్కడం. కోతలో, కుట్టులో గాయపడిన లోపలి పొర మానేటప్పుడు కండర కణాలు కావలసినదానికన్నా ఎక్కువ పెరుగుతాయి. కుట్టిన చోట్ల, పాత కవాటాలున్న చోట్ల ఇది ఎక్కువ. దీన్ని మందులతో ఆపాలని చాలా ప్రయత్నాలు జరిగాయి. గ్రాఫ్టులను ముందే ఒక మందులో నానబెట్టి కుట్టిన ప్రివెంట్-3 అనే పెద్ద అధ్యయనం 2006లో ఫలితం లేదని తేల్చింది. కనుక దీనికి పరిష్కారం దొరకబుచ్చుకోవడమే, అంటే డాప్లరే.

డాప్లర్ రిపోర్టులో ఏ అంకెలు చూడాలి?

పరీక్ష చేసేవారు గజ్జ నుంచి చీలమండ దాకా గ్రాఫ్టు పొడవునా కొద్ది కొద్ది దూరంలో రక్తం వేగం కొలుస్తారు. పైపైన రెండు చోట్ల చూసి "పర్వాలేదు" అని రాస్తే ఆ పరీక్ష పూర్తి కానట్టే. మూడు అంకెలు చూడండి. ఏదైనా చోట గరిష్ఠ వేగం సెకనుకు 300 సెంటీమీటర్లు దాటితే బాగా ఇరుకైనట్టు. ఆ చోటి వేగం పక్కనున్న మామూలు చోటి వేగానికి 3.5 రెట్లు మించినా అంతే. గ్రాఫ్టు నడుమ వేగం 45 సెంటీమీటర్లకన్నా తక్కువగా ఉంటే రక్తం నెమ్మదించింది, గడ్డ కట్టే ప్రమాదం ఉంది. వీటితో పాటు చీలమండ బీపీని చేతి బీపీతో భాగించి ఒక అంకె రాస్తారు. అది పోయినసారికన్నా 0.15 పైగా తగ్గితే ఎక్కడో అడ్డు ఉన్నట్టే. షుగర్ వల్ల కాలి ధమనులు గట్టిపడి ఆ అంకె 1.4 దాటితే దాన్ని నమ్మకండి, బొటనవేలి బీపీ చూడమనండి. పాత రిపోర్టులన్నీ ఒక ఫైలులో పెట్టుకుని తీసుకెళ్లండి, పోల్చి చూడకపోతే ఈ అంకెలకు సగం అర్థమే.

## రెండేళ్లు దాటాక

సిరల్లో కొవ్వు పట్టదంటారు కదా, మరి దీనిలో ఎందుకు పట్టింది?

సిరగా ఉన్నంతకాలం పట్టదు. అందులో ఒత్తిడి బీపీ కొలిచే లెక్కలో 5 నుంచి 10 మిల్లీమీటర్లే. ధమనిలో కుట్టిన క్షణం నుంచి సగటున 100 దగ్గరి ఒత్తిడి పడుతుంది. పంటబోదెలోకి ప్రధాన కాలువ నీళ్లు వదిలినట్టే. గోడ తట్టుకోవడానికి మందమెక్కుతుంది. అంతవరకు అది మంచి మార్పే, అది లేకపోతే సిర ఉబ్బిపోతుంది. కానీ మందమెక్కిన ఆ లోపలి పొర అడుగున రక్తంలోని ఎల్‌డీఎల్ అనే చెడు కొవ్వు చేరుతుంది. దాన్ని మింగడానికి వచ్చిన తెల్లకణాలు కొవ్వుతో నిండి అక్కడే చచ్చిపోతాయి. మామూలు ధమనిలో దశాబ్దాలు పట్టే పని గ్రాఫ్టులో కొన్నేళ్లలోనే జరుగుతుంది. 1973లో అమెరికాలో సిలాగీ బృందం కాలి గ్రాఫ్టులకు ఏళ్ల తరబడి యాంజియోలు (రక్తనాళాల ఎక్స్‌రేలు) తీసి చూపిన మార్పుల్లో ఇదీ ఒకటి.

ధమనిలోని కొవ్వుకూ గ్రాఫ్టులోని కొవ్వుకూ తేడా ఉందా?

ఉంది, ఆ తేడా ప్రమాదకరమైనదే. ధమనిలో కొవ్వు ఒక పక్కకు గడ్డలా చేరుతుంది, దాని మీద గట్టి కప్పు ఉంటుంది, సున్నం ఎక్కువ. గ్రాఫ్టులో చుట్టూరా, చాలా పొడవునా పట్టి, మెత్తగా, పొడిపొడిగా ఉంటుంది. పైకప్పు పలచన. సులభంగా పగులుతుంది. పగిలిన చోట గడ్డ కట్టి గ్రాఫ్టు మొత్తం పోవచ్చు, లేదా ముక్కలు కిందికి కొట్టుకుపోయి వేలు నీలంగా మారవచ్చు. దెబ్బ తగలకుండా ఒక వేలు హఠాత్తుగా నల్లబడి నొప్పి పెడితే ఇది గుర్తుకు రావాలి. కొన్ని పాత గ్రాఫ్టుల్లో గోడ వదులై ఉబ్బుతుంది కూడా. చర్మం కింద కొట్టుకునే కొత్త బుడిపె కనిపిస్తే సర్జన్‌కు చూపించాలి.

గ్రాఫ్టు శుభ్రంగా ఉందట, దాని పైనా కిందా బ్లాకులట. ఇదేమిటి?

పాత జబ్బు ఆగలేదన్నమాట. ఆపరేషన్ అడ్డును దాటించింది తప్ప మీ ధమనులకు జబ్బు నయం చేయలేదు. పొత్తికడుపు ధమనిలో అడ్డు వస్తే గ్రాఫ్టుకు రక్తం చేరదు. పాదం ధమనుల్లో వస్తే గ్రాఫ్టు నుంచి బయటికి పోయే దారి ఉండదు. రెండింట్లోనూ బాగున్న గ్రాఫ్టే మూసుకుపోతుంది. తరచుగా బెలూన్‌తో సరిచేస్తారు.

ఎల్‌డీఎల్ ఎంత ఉండాలి? కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలతో షుగర్ పెరుగుతుందట కదా?

కనీసం 70 లోపు. యూరప్ గుండె వైద్యుల సంఘం 55 లోపు ఉంచమంటోంది. ఇక్కడ చాలామంది 100 వచ్చిందని సంతోషించి మాత్ర ఆపేస్తుంటారు. కాలి ధమనుల జబ్బు ఉన్నవాళ్లకు అది చాలదు. మామూలుగా అటోర్వాస్టాటిన్ 40 నుంచి 80 మిల్లీగ్రాములు, లేదా రోసువాస్టాటిన్ 20 నుంచి 40 రాస్తారు. చాలకపోతే ఎజెటిమైబ్ 10 కలుపుతారు. మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు కొవ్వు పరీక్ష చేయించాలి. స్టాటిన్ షుగర్‌ను కొంచెం పెంచే మాట నిజం. కానీ గుండెపోటు, పక్షవాతం తగ్గే మేలు దానికన్నా చాలా పెద్దది. కండరాల నొప్పి వస్తే మాత్ర మీరే మానేయకండి, మందు లేదా మోతాదు మార్చమని అడగండి.

రక్తం పలచబడే మాత్రలు ఎన్నాళ్లు?

ఆస్పిరిన్ 75 నుంచి 100 మిల్లీగ్రాములు, పడకపోతే క్లోపిడోగ్రెల్ 75, జీవితాంతం. రక్తస్రావ ప్రమాదం తక్కువ ఉన్నవాళ్లకు ఆస్పిరిన్‌తో పాటు రివరోక్సబాన్ 2.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇవ్వవచ్చు. 2020 నాటి వాయేజర్ అధ్యయనంలో దీనివల్ల కాలికి, గుండెకు వచ్చే పెద్ద ముప్పులు తగ్గాయి. రక్తస్రావం కొంత పెరిగింది. గ్రాఫ్టు నిలవడం అనుమానంగా ఉన్న కొందరికి వార్ఫరిన్ ఇస్తారు. వార్ఫరిన్ మీద ఉంటే మునగాకు, తోటకూర, గోంగూర మానాల్సిన పనిలేదు. వారం వారం ఒకే మోతాదులో తినండి, ఒక వారం ఎక్కువ, మరో వారం సున్నా అయితే రక్తం చిక్కదనం అదుపు తప్పుతుంది. పైనొప్పులకు ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజక్షన్ చేయించుకోవద్దు.

చుట్ట మానేశాను, రోజుకు రెండే. పొగ మింగను కూడా. పర్వాలేదా?

పర్వాలేదని చెప్పలేం. చుట్ట పొగలోని నికోటిన్ మింగకపోయినా నోటి పొరల నుంచే రక్తంలోకి చేరుతుంది. లంక పొగాకు, బీడీ, సిగరెట్, ఖైనీ, దేనికీ మినహాయింపు లేదు. కాలి బైపాస్ తర్వాత పొగ కాలుస్తూనే ఉన్నవాళ్లలో గ్రాఫ్టు మూసుకుపోయే అవకాశం కాల్చనివాళ్లకన్నా దాదాపు మూడింతలు. మంచి వార్త ఏమిటంటే, ఆపరేషన్ తర్వాత మానేసినా ఆ ప్రమాదం కాల్చనివాళ్ల స్థాయికి దగ్గరగా దిగుతుంది. తగ్గించడం కాదు, పూర్తిగా మానాలి. నికోటిన్ గమ్, బుప్రోపియాన్, వరెనిక్లిన్ సాయం చేస్తాయి, డాక్టరుగారిని అడగండి. 45 ఏళ్ల లోపే, షుగర్ లేకుండా, పొగాకు వల్లనే కాలి నాళాలు మూసుకుపోయినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్లకు చుట్ట మానడమే అసలు వైద్యం.

కొబ్బరి, చేపలు తినొచ్చా?

చేప పులుసు తినొచ్చు. వేపుడు తగ్గించండి. కొబ్బరి నూనె, కొబ్బరి పాలు వంటకాల్లో సంతృప్త కొవ్వు ఎక్కువ, రోజువారీ కాకుండా అప్పుడప్పుడు చాలు. ఎండుచేప, ఊరగాయ, అప్పడాలతో ఉప్పు పెరిగి బీపీ అదుపు తప్పుతుంది. షుగర్ ఉంటే అన్నం కొలత తగ్గించి కూర, పప్పు పెంచుకోండి. పూతరేకులు, కాజాలు పండగకే ఉంచండి.

## తేడా వచ్చినప్పుడు

గ్రాఫ్టు ఇరుకైందన్నారు. మళ్లీ కోస్తారా?

ఇరుకు పొట్టిగా ఉంటే తొడ సూది రంధ్రం నుంచి బెలూన్ పంపి వెడల్పు చేస్తారు. ఇరుకు మళ్లీ మళ్లీ అదేచోట వస్తే, లేదా పొడవుగా ఉంటే, చిన్న కోతతో సిర ముక్కను అతుకు వేస్తారు, లేదా ఆ భాగం తీసి కొత్త ముక్క కుడతారు. పాత గ్రాఫ్టులో కొవ్వు పొడిపొడిగా ఉంటుంది గనక బెలూన్ వేసేటప్పుడు ముక్కలు పాదానికి జారే ప్రమాదాన్ని సర్జన్ ముందే లెక్క వేసుకుంటారు. యాంజియోకు ముందు కిడ్నీ క్రియాటినిన్ చూపించండి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి.

కాలు హఠాత్తుగా చల్లబడి నొప్పి వస్తోంది. ఉదయం వెళ్దామా?

వద్దు, ఇప్పుడే బయల్దేరండి. తెల్లబడటం, చల్లబడటం, నాడి అందకపోవడం, తిమ్మిరి, వేళ్లు కదపలేకపోవడం, ఇవన్నీ గ్రాఫ్టు మూసుకుపోయిన గుర్తులు. రక్తం అందని కండరం సుమారు ఆరు గంటల్లో తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతినవచ్చు. వేళ్లు కదలకపోవడం మొదలైతే అంతకన్నా తొందర. కాపడం పెట్టకండి, స్పర్శ లేని కాలు కాలిపోతుంది. నూనెతో రుద్దకండి, పట్టు వేయకండి. కాలు ఎత్తు మీద పెట్టకండి, కొద్దిగా కిందికే ఉంచండి. 108కి ఫోను చేసి, రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని చెప్పండి. ముందుగా ఆ ఆసుపత్రికి ఫోను చేసి వస్తున్నామని తెలపండి. ఆపరేషన్ కాగితాలు, మందుల చీటీ వెంట ఉండాలి. దారిలో ఏమీ తినిపించకండి, ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.

గ్రాఫ్టు పోతే కాలు తీసేసినట్టేనా?

కాదు. ఎందుకోసం బైపాస్ చేశారో దాని మీద ఆధారపడి ఉంటుంది. పుండు అప్పటికే మాని ఉంటే, పక్కదారులు పెరిగి ఉంటే కాలు నిలిచినవాళ్లు ఉన్నారు. పుండు ఇంకా ఉంటే, రెండో కాలి సిరతోనో చేతి సిరతోనో మళ్లీ బైపాస్ ఆలోచిస్తారు.

## రోజువారీ

చేలోకి, రొయ్యల చెరువుకి ఎప్పుడు దిగొచ్చు?

కోత పూర్తిగా మాని, సర్జన్ సరేనన్నాకే, సాధారణంగా ఆరు వారాల తర్వాత. దమ్ము చేసిన మడిలో, చెరువులో కాళ్లు నానడం వల్ల వేళ్ల సందులు ఒరిసి పుండవుతాయి. రబ్బరు బూట్లు వేసుకోండి, బయటికొచ్చాక వేళ్ల మధ్య తుడిచి ఆరబెట్టండి. చెప్పుల్లేకుండా గట్టు మీద కూడా నడవద్దు. కాలిలో స్పర్శ తక్కువ ఉన్నవాళ్లు మాల వేసుకున్నా సర్జన్ సలహా తీసుకుని పాదరక్షలతోనే దీక్ష చేయాలి. మధ్యాహ్నం సిమెంటు మెట్ల మీద, ఘాట్ల మీద వట్టి కాళ్లతో నిలబడితే కాలి బొబ్బలెక్కినా తెలియదు.

కింద కూర్చుని భోంచేయొచ్చా?

మోకాలి కిందికి వెళ్లిన గ్రాఫ్టు అయితే మొదటి రెండు నెలలు కుర్చీలోనే కూర్చోండి. తర్వాత కొద్దిసేపు పర్వాలేదు. గంటల తరబడి బాసిపట్టు, గొంతుక్కూర్చోవడం మానుకోండి.

కాలి జబ్బుకు గుండె పరీక్ష దేనికి?

కాలి ధమనుల్లో పట్టిన కొవ్వే గుండె, మెడ ధమనుల్లోనూ పడుతుంది. కాలి బైపాస్ చేయించుకున్నవాళ్ల ప్రాణానికి ఎక్కువ ముప్పు గుండె వైపు నుంచే. ఏడాదికోసారి ఈసీజీ, అవసరమైతే ఎకో చేయించండి. బీపీ 130/80 లోపు, మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 7 శాతం దగ్గర ఉంచుకోండి.

పన్ను తీయించుకోవాలి. ఆస్పిరిన్ ఆపాలా?

సాధారణంగా ఆపక్కర్లేదు. ఒక పన్ను తీసినప్పుడు వచ్చే రక్తాన్ని దూదితో అరగంట నొక్కి ఆపవచ్చు. రివరోక్సబాన్ లేదా వార్ఫరిన్ వాడుతుంటే మాత్రం దంతవైద్యునికి, సర్జన్‌కు ఇద్దరికీ ముందే చెప్పండి. ఎవరు ఆపమన్నా ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో తారీఖుతో సహా రాయించుకోండి.